ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు పన్ను కట్టాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మీషో, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి వాటిలో చీరలు, డ్రెస్ మెటీరియల్, పచ్చళ్లు, బొమ్మలు అమ్మే చిన్నవాళ్లకు నేను లెక్కలు రాసిపెడుతుంటాను. ఏటా అవే ప్రశ్నలు. ఫోన్‌లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఇలా రాసి పెట్టాను. ముందుగా ఒక చిన్న సర్దుబాటు. కొన్నవాళ్లు తిప్పి పంపిన పార్సిల్‌నూ రిటర్న్ అంటున్నాం, ఆఫీసుకు దాఖలు చేసేదాన్నీ రిటర్నే అంటున్నాం. ఇక్కడ రిటర్న్ అంటే పన్ను రిటర్నే. పార్సిల్ అయితే ‘వాపసు’ అని రాశాను.

అసలు సంగతి ఒక్క ముక్కలో చెప్పండి. కట్టాలా, వద్దా?

అమ్మినదాని మీద జీఎస్టీ, మిగిలినదాని మీద ఆదాయ పన్ను. రెండూ వేర్వేరు చట్టాలు, వేర్వేరు పోర్టళ్లు, వేర్వేరు లెక్కలు. జీఎస్టీ మీ జేబులోది కాదు, కొన్నవాళ్ల దగ్గర తీసుకుని కట్టేది. ఆదాయ పన్ను మాత్రం మీదే, అదీ లాభం ఒక స్థాయి దాటితేనే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఆదాయ పన్ను సున్నా. వాళ్లను ఏడిపించేది పన్ను కాదు, కాగితాలు.

గొడవ ఎక్కడ మొదలవుతుందంటే, ఒకే వ్యాపారానికి మూడు అంకెలు ఉంటాయి. మీరు అమ్మిన ధర, మీ బ్యాంకులో పడ్డ డబ్బు, చివరికి మీకు మిగిలింది. జీఎస్టీ వాళ్లు మొదటిది చూస్తారు, మీరు రెండోది చూస్తారు, ఆదాయ పన్ను వాళ్లు మూడోది అడుగుతారు. ఈ మూడింటినీ కలిపేసుకున్నవాళ్లకే నోటీసులు వస్తుంటాయి.

నాకు తెలిసింది బ్యాంకులో పడ్డదే కదా. దాని మీద లెక్క వేస్తే పోలా?

పోదు. ఒక్క చీర తీసుకుని చూద్దాం. కమీషన్, షిప్పింగ్ అంకెలు లెక్క తేలిగ్గా ఉండటానికి నేను వేసుకున్నవి. యాప్ కంపెనీ మీకిచ్చే లెక్కల షీట్‌లో వేరుగా ఉంటాయి, దారి మాత్రం ఇదే.

చీర ధర 1,050 రూపాయలు. అందులో 1,000 చీరది, 50 జీఎస్టీ. కంపెనీ కమీషన్ 120, షిప్పింగ్ 80 కోసుకుంది. ఆ 200 మీద 18 శాతం జీఎస్టీ 36. టీసీఎస్ కింద 5, టీడీఎస్ కింద 1. ఈ రెండూ కంపెనీ ముందే కోసి మీ పేరు మీద ప్రభుత్వానికి కట్టేవి, వివరం కింద చెప్పాను. ఇవన్నీ పోగా మీ బ్యాంకులో పడింది 808.

ఆ చీరను మీరు మగ్గం దగ్గర కాకుండా షాపులో బిల్లు మీద 600కి, పైన 30 జీఎస్టీతో కొన్నారనుకోండి. ప్యాకింగ్ కవరుకు, టేపుకు ఇంకో 15. ఇప్పుడు జీఎస్టీ ఎంత కట్టాలి? వసూలు చేసింది 50. మీరు ముందే కట్టింది 30, 36 కలిపి 66. అంటే చేతి నుంచి కట్టేది ఏమీ లేదు, 16 రూపాయలు మీ ఖాతాలో క్రెడిట్‌గా, అంటే తర్వాత కట్టే జీఎస్టీలో తగ్గించుకునేలా నిలిచి ఉంటాయి. లాభం? 1,000లోంచి 600, 200, 15 తీసేస్తే 185.

ఏడాదికి ఇలాంటి చీరలు వెయ్యి అమ్మితే బ్యాంకులో పడేది 8,08,000. మీ టర్నోవర్, అంటే మొత్తం అమ్మకం, మాత్రం 10,00,000. కంపెనీ మీ పాన్ మీద ప్రభుత్వానికి చెప్పేది ఆ పది లక్షలే. మీరు రిటర్న్‌లో 8.08 అని వేస్తే మిగతా 1.92 లక్షలు దాచిపెట్టినట్టు కనబడుతుంది. దాచలేదు పాపం, కమీషన్ పోయింది. కానీ ఆ సంగతి ఖర్చు కింద చూపించాలి గానీ, అమ్మకంలోంచి మనమే తీసేయకూడదు.

జీఎస్టీ నంబర్ లేకుండా అమ్మడం కుదరదా?

2023 అక్టోబర్ 1 దాకా సరుకు అమ్మేవాళ్లకు కుదిరేది కాదు. ఆన్‌లైన్ మార్కెట్‌లో రెండు దుప్పట్లు అమ్మినా నంబర్ ఉండాల్సిందే, టర్నోవర్‌తో పనిలేదు. 2022 జూన్‌లో చండీగఢ్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో చిన్నవాళ్లకు సడలింపు ఇద్దామని అనుకున్నారు. అది అమల్లోకి రావడానికి ఏడాది పైనే పట్టింది.

ఇప్పుడు రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మాలంటే జీఎస్టీ పోర్టల్‌లోనే పాన్, చిరునామా ఇచ్చి ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకోవాలి. అది జీఎస్టీ నంబర్ కాదు. దానితో రిటర్నులు వేయక్కర్లేదు, బిల్లులో పన్ను వేయకూడదు. మీ టర్నోవర్ రిజిస్ట్రేషన్ పరిమితి లోపల ఉండాలి, ఆ నంబర్ ఒక్క రాష్ట్రంలోనే ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, సరుకు రాష్ట్రం దాటకూడదు. దాటకుండా చూసే బాధ్యత కంపెనీదే, అందుకే బయటి రాష్ట్రాల ఆర్డర్లు మీకు అసలు కనబడవు.

హైదరాబాద్ నుంచి విజయవాడకు పంపితే కూడా వేరే రాష్ట్రమేనా?

వేరే రాష్ట్రమే. ఈ ప్రశ్న తెలుగువాళ్లు తప్ప ఇంకెవరూ ఇంత బాధగా అడగరేమో! చుట్టాలు అటూ ఇటూ, పెళ్లిళ్లు అటూ ఇటూ, పచ్చడి రుచి తెలిసిన కస్టమర్లూ అటూ ఇటూ. 2014 జూన్ 2 తర్వాత పన్ను లెక్కలో మాత్రం ఖమ్మం నుంచి పక్కనే ఉన్న తిరువూరుకు పంపినా, ఢిల్లీకి పంపినా ఒకటే. రెండూ అంతర్రాష్ట్ర అమ్మకాలే.

అంటే ఎన్‌రోల్‌మెంట్ నంబర్ మీద హైదరాబాద్ ఆవిడ వరంగల్‌కు, కరీంనగర్‌కు, ఆదిలాబాద్‌కు అమ్మొచ్చు. గుంటూరుకు అమ్మలేదు. నా సలహా ఏంటంటే, మీ ఆర్డర్లు ఎక్కువ పక్క రాష్ట్రం నుంచే వచ్చేటట్టుంటే సడలింపు కోసం తాపత్రయపడకుండా జీఎస్టీ నంబరే తీసుకోండి. సగం మార్కెట్ వదులుకుని మిగుల్చుకునేది ఏమీ లేదు.

పరిమితి 20 లక్షలా, 40 లక్షలా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వేర్వేరు రాష్ట్రాల గురించి. సరుకులు మాత్రమే అమ్మే వ్యాపారాలకు 2019 ఏప్రిల్ నుంచి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని కేంద్రం అంది. కొన్ని రాష్ట్రాలు పాత 20 లక్షల దగ్గరే ఉండిపోయాయి. తెలంగాణ వాటిలో ఒకటి, ఆంధ్రప్రదేశ్ 40 లక్షల వైపు వెళ్లింది.

అయితే ఆన్‌లైన్ వాళ్ల సడలింపు ఉత్తర్వు చదివితే, అది చట్టంలోని 22వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్‌లో చెప్పిన మొత్తాన్ని చూడమంటుంది. అక్కడ మామూలుగా రాసి ఉన్నది 20 లక్షలు. 40 లక్షలు వేరే ఉత్తర్వులోంచి వచ్చింది. అందుకని ఆంధ్రాలో ఎన్‌రోల్‌మెంట్ మీద అమ్మేవాళ్లు కూడా 20 లక్షలకు దగ్గరపడితే ఒకసారి ఆడిటర్ గారిని కలవండి. కంపెనీ వెబ్‌సైట్‌లో 40 అని రాసి ఉందని ధీమాగా ఉండకండి. రేపు జవాబు చెప్పుకోవాల్సింది మీరు.

టర్నోవర్ అంటే ఒక్క యాప్‌ది కాదు. మూడు యాప్‌లలో అమ్మినదీ, ఇంటి దగ్గర అమ్మినదీ, షాపులో అమ్మినదీ, పన్ను లేని సరుకు కూడా, ఒక పాన్ మీద ఉన్నదంతా కలిపి.

నేను యాప్‌లో కాదు, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టి అమ్ముతాను. నాకూ ఇవన్నీ వర్తిస్తాయా?

డబ్బు మీకే నేరుగా ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో వస్తుంటే, మధ్యలో వసూలు చేసి ఇచ్చే కంపెనీ లేదు. కాబట్టి టీసీఎస్, ఎన్‌రోల్‌మెంట్ నంబర్ గొడవ లేదు. మామూలు షాపు లాగే మీ రాష్ట్రం పరిమితి చూసుకుంటే చాలు. కానీ పన్ను పడే సరుకును పక్క రాష్ట్రానికి కొరియర్ చేశారా, మామూలు వ్యాపారానికి మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. కొన్ని చేతివృత్తుల వస్తువులకు మినహాయింపు ఉంది, అది వస్తువు వస్తువుకూ చూసుకోవాలి. ఆదాయ పన్ను సంగతి ఎక్కడ అమ్మినా ఒకటే.

ఇంకో రకం వాళ్లున్నారు. సరుకు తమది కాదు, కేటలాగ్ పంపి మధ్యలో మార్జిన్ తీసుకుంటారు. వాళ్లది చాలాసార్లు కమీషన్ ఆదాయం అవుతుంది, దాని లెక్క కింద చెప్పాను.

నంబర్ తీసుకోవడానికి ఎంత అవుతుంది? ఎన్ని రోజులు?

ప్రభుత్వానికి కట్టేది ఏమీ లేదు. మధ్యవాళ్లు తీసుకునేది వాళ్ల ఫీజు. పాన్, ఆధార్, ఫొటో, బ్యాంకు ఖాతా, ఇంటి కరెంటు బిల్లు కావాలి. అద్దె ఇల్లయితే అగ్రిమెంటు కూడా. ఇంటి ఓనరుతో ముందే మాట్లాడుకోండి. చాలా దరఖాస్తులు ఆగిపోయేది ఆయన సంతకం దగ్గరే. రిజిస్టర్ అయిన కొనుగోలుదారులకు వేసే పన్ను నెలకు 2.5 లక్షలు దాటదని చెప్పేవాళ్లకు 2025 నవంబర్ 1 నుంచి మూడు పనిదినాల్లో నంబర్ ఇచ్చే పద్ధతి పెట్టారు. ఇంట్లో కూర్చుని చీరలు అమ్మేవాళ్లకు ఇది సరిపోతుంది.

నంబర్ వచ్చాక ‘పరిమితి లోపలే ఉన్నాను, జీఎస్టీ వేయను’ అనడానికి ఉండదు. మొదటి అమ్మకం నుంచీ వేయాలి. ఐదు కోట్ల లోపు వాళ్లు మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతి ఎంచుకోవచ్చు. కట్టాల్సిన పన్ను ఉంటే మాత్రం నెలనెలా కట్టాలి.

కాంపోజిషన్ తీసుకుంటే హాయి అంటున్నారు, నిజమేనా?

కొంతమందికి. కాంపోజిషన్ అంటే చిన్న వ్యాపారులు మామూలు జీఎస్టీ లెక్క బదులు టర్నోవర్ మీద ఒకే చిన్న శాతం కట్టేసే పద్ధతి. 2023 అక్టోబర్ 1 నుంచి కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు కూడా ఆన్‌లైన్‌లో సరుకు అమ్మొచ్చు, సొంత రాష్ట్రం లోపలే. వ్యాపారులకు టర్నోవర్ మీద 1 శాతం, ఏడాదికి 1.5 కోట్ల దాకా. కానీ ఆ 1 శాతం కొన్నవాళ్ల దగ్గర తీసుకోకూడదు, మీ చేతి నుంచే కట్టాలి. కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ కూడా తిరిగి రాదు. పైన చీర లెక్కలో మీకు 66 రూపాయల క్రెడిట్ వచ్చింది, ఇక్కడ అది పోతుంది. బిల్లు మీద కొని అమ్మేవాళ్లకు నేనైతే చెప్పను. రైతు దగ్గర మామిడికాయలు కొని ఇంట్లో పచ్చడి పట్టి రాష్ట్రంలోనే అమ్మేవాళ్లకు బాగుండొచ్చు. అదీ లెక్క వేసి చూసుకున్నాకే. పచ్చళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి పాత లెక్కలు పట్టుకుని కూర్చోకండి.

టీసీఎస్, టీడీఎస్ అని ఏదో కోస్తున్నారు. ఆ డబ్బు పోయినట్టేనా?

పోలేదు, మీ పేరు మీదే ఉంది. తీసుకోకపోతే మాత్రం అక్కడే ఉంటుంది.

టీసీఎస్ జీఎస్టీకి సంబంధించింది. 2018 అక్టోబర్ నుంచి 1 శాతం ఉండేది, 2024 జూలై 10 నుంచి అర శాతం చేశారు. వాపసులు తీసేసి మిగిలిన అమ్మకం మీద కంపెనీ కోసి, మర్నెల పదో తారీఖు లోపల మీ నంబర్ మీద చూపిస్తుంది. మీరు పోర్టల్‌లోకి వెళ్లి, టీడీఎస్ టీసీఎస్ క్రెడిట్ అనే చోట ఒప్పుకుంటేనే అది మీ క్యాష్ లెడ్జర్‌లోకి, అంటే పోర్టల్‌లో మీ డబ్బు ఖాతాలోకి వస్తుంది. మా దగ్గరికి వచ్చిన ఒకాయన రెండేళ్లుగా ఆ బటన్ నొక్కలేదు. లాగిన్ చేసి చూస్తే పదకొండు వేల చిల్లర కూర్చుని ఉంది. ఆ మధ్యలోనే ఆయన జీఎస్టీ కట్టడానికి బావమరిది దగ్గర అప్పు చేశాడు.

టీడీఎస్ ఆదాయ పన్నుకు సంబంధించింది. 2020 అక్టోబర్‌లో 0.75 శాతంతో మొదలైంది, 2021 ఏప్రిల్ నుంచి 1 శాతం అయింది, 2024 అక్టోబర్ 1 నుంచి 0.1 శాతం. పాత చట్టంలో 194-ఓ అనేవారు. వ్యక్తి పేరు మీద వ్యాపారమైతే, ఏడాదికి ఆ కంపెనీ ద్వారా అమ్మింది 5 లక్షలు దాటకపోతే, పాన్ ఇచ్చి ఉంటే అసలు కోయరు. పాన్ ఇవ్వకపోతే 5 శాతం. ఇది ఆదాయ పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద కనబడుతుంది, ఆదాయ పన్ను రిటర్న్ వేస్తేనే తిరిగి వస్తుంది.

సరే, ఆదాయ పన్ను ఎంత పడుతుంది?

రెండు దారులు. ఒకటి, పుస్తకాలు రాసి అసలు లాభం చూపించడం. రెండోది, టర్నోవర్‌లో కొంత శాతం లాభం అనేసుకోవడం. ఆడిటర్లు దీన్ని 44-ఏడీ అంటారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయ పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి, పేరు మాత్రం నోటికి అలవాటైపోయింది. బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాలకు 6 శాతం, నగదుకు 8 శాతం. టర్నోవర్ 2 కోట్ల దాకా, నగదు 5 శాతం దాటకపోతే 3 కోట్ల దాకా. ఆన్‌లైన్ వాళ్లకు సెటిల్‌మెంట్, అంటే కోతలు పోగా కంపెనీ ఇచ్చే డబ్బు, బ్యాంకులోకే వస్తుంది కాబట్టి 6 శాతం.

పది లక్షల టర్నోవర్‌కు 6 శాతం అంటే 60,000. ఆరు అనేది కనీసం, ఎక్కువ మిగిలిందని మీకే తెలిస్తే ఎక్కువే చూపించాలి. మన చీర లెక్కలో అసలు లాభం 1,85,000. అయినా వేరే ఆదాయం లేకపోతే పన్ను సున్నా. కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు, 12 లక్షల దాకా రిబేటు, అంటే పన్ను మాఫీ, వల్ల కట్టక్కర్లేదు.

కమీషన్ మీద బతికేవాళ్లకు, అంటే లింకులు పెట్టి శాతం తీసుకునే యూట్యూబర్లకు, సరుకు తమది కాని రీసెల్లర్లకు ఈ 6 శాతం దారి లేదు. వాళ్లు ఖర్చుల బిల్లులు దాచుకోవాల్సిందే.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పక్కన కొద్దిగా అమ్ముతున్నాను. చిన్న మొత్తమే, చూపించాలా?

చూపించాలి. పైగా మీకే ఎక్కువ జాగ్రత్త కావాలి. జీతం 12,75,000 అనుకోండి. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతే సరిగ్గా 12 లక్షలు, పన్ను సున్నా. ఇప్పుడు ఆన్‌లైన్ లాభం 60,000 కలిపితే ఆదాయం 12,60,000. స్లాబుల ప్రకారం పన్ను 69,000. 12 లక్షలు దాటిన మొత్తం కన్నా పన్ను ఎక్కువ ఉండకూడదన్న ఊరట ఉంది కాబట్టి 60,000కి ఆగుతుంది. దాని మీద 4 శాతం సెస్సు 2,400. మొత్తం 62,400.

అరవై వేలు సంపాదించి అరవై రెండు వేల నాలుగు వందలు కట్టడం! ఇలాంటి అంచు మీద ఉన్నవాళ్లు మార్చి దాకా ఆగకుండా డిసెంబర్‌లోనే ఒకసారి లెక్క చూసుకోండి. వ్యాపార ఆదాయం ఉంటే జీతగాళ్లు వేసే ఐటీఆర్-1 అనే రిటర్న్ ఫారం పనికిరాదు, ఐటీఆర్-4 గానీ 3 గానీ వేయాలి. ప్రభుత్వ ఉద్యోగులైతే పన్ను తర్వాతి మాట, ముందు సర్వీసు నిబంధనలు చూసుకోండి. అనుమతి లేకుండా సొంత పేరు మీద వ్యాపారం కుదరదు.

అయితే మా ఆవిడ పేరు మీద పెట్టేస్తే?

ఆవిడ నిజంగా చేస్తుంటే సుఖంగా పెట్టండి. పెట్టుబడి మీరు ఊరికే ఇచ్చి, పేరు మాత్రం ఆవిడదైతే ఆ లాభం మళ్లీ మీ ఆదాయంలోనే కలుపుతారు. ఇక్కడ నాకు కనబడేది ఇంకో సంగతి. పాన్ ఆవిడది, ఫోన్ నంబర్ మరిదిది, ఓటీపీలు అతనికి, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. నోటీసు వచ్చేది మాత్రం పాన్ ఉన్నవాళ్లకే. ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఫోన్‌కే ఓటీపీ రానివ్వండి.

ఇంట్లో పాత ఫోన్, సోఫా ఓఎల్‌ఎక్స్‌లో అమ్మాను. పన్ను పడుతుందా?

పడదు. వాడుకున్న సామాను అమ్ముకోవడం వ్యాపారం కాదు, జీఎస్టీ లేదు. సొంత వాడకంలోని బట్టలు, ఫర్నిచర్, ఫోన్ల మీద ఆదాయ పన్ను కూడా లేదు. బంగారు నగలు మాత్రం దీనిలోకి రావు. వారానికి పది పాత ఫోన్లు కొని అమ్ముతుంటే అది వ్యాపారమే.

నేను అమ్మేది పన్ను లేని సరుకే. నాకెందుకు నంబర్?

ముద్రించిన పుస్తకాలు, అప్పడాలు, మట్టి గాజులు, అంటే గాజుతో చేసినవే, వీటి మీద జీఎస్టీ లేదు. ఇలాంటివి మాత్రమే అమ్మితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ‘మాత్రమే’ అన్న మాట దగ్గరే చాలామంది జారిపడతారు. అప్పడాలతో పాటు గోంగూర పచ్చడి సీసా ఒకటి పెట్టారంటే మినహాయింపు పోయినట్టే. కొండపల్లి బొమ్మలు కూడా పన్ను ఉన్నవే, ఇప్పుడు 5 శాతం.

స్విగ్గీ, జొమాటోలో వంట అమ్ముతాను.

మీ వంటకు 5 శాతం జీఎస్టీ 2022 జనవరి 1 నుంచి యాప్ వాళ్లే కడుతున్నారు, మీరు మళ్లీ కట్టక్కర్లేదు. ఆదాయ పన్ను మీదే.

వాపసు వచ్చినవి ఎలా?

అమ్మకంలోంచి తీసేయాలి. జీఎస్టీలో అయితే క్రెడిట్ నోట్ ద్వారా, అంటే ఆ అమ్మకం తగ్గిందని చూపే కాగితం ద్వారా. కష్టం ఎక్కడంటే, మార్చి 28న పంపిన చీర ఏప్రిల్ 9న చినిగి తిరిగొస్తుంది. అమ్మకం ఒక ఏడాదిలో, వాపసు ఇంకో ఏడాదిలో పడుతుంది. బ్యాంకులో అయితే ఆ వారం సెటిల్‌మెంట్ మైనస్‌లో కనబడుతుంది. అందుకే సెటిల్‌మెంట్ షీట్లు నెలనెలా దించుకుని పెట్టుకోండి. నాలుగేళ్ల కిందటి షీటు కావాలంటే, అప్పటికి మీ ఖాతా మూతపడి ఉంటే, ఎవరినని అడుగుతారు?

కట్టకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?

మీ కన్నా ముందే తెలుస్తుంది. కంపెనీ ప్రతి నెలా జీఎస్టీ వాళ్లకు, మూడు నెలలకోసారి ఆదాయ పన్ను వాళ్లకు మీ పాన్ మీద అమ్మకాలు చూపిస్తుంది. నేరుగా అమ్మేవాళ్లకు కూడా ఇప్పుడు చాటు లేదు. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్లు చూసి చిన్న దుకాణాలకు నోటీసులు ఇచ్చింది. బెంగళూరులో కొందరు క్యూఆర్ స్టిక్కర్లు పీకేసి ‘నగదు మాత్రమే’ అని బోర్డులు పెట్టారు. నోటీసు రాగానే టెన్షన్ పడి ఫోన్ ఆపేసుకోకండి. అది చాలాసార్లు ‘ఈ తేడా ఏమిటో చెప్పండి’ అని అడగడమే. గడువు లోపల జవాబు వేస్తే మూడొంతుల గొడవ అక్కడే ఆగిపోతుంది. రిజిస్ట్రేషన్ ఉండాల్సి ఉండీ తీసుకోకపోతే మాత్రం పది వేలు, లేదా ఎగ్గొట్టిన పన్ను, ఏది ఎక్కువైతే అది జరిమానా.

అంబానీలను వదిలేసి మా మీద పడతారేం? ఇది న్యాయమేనా?

ఆదాయ పన్ను వరకు నాకు అన్యాయం కనబడదు. జీతగాడు కడుతున్నాడు, బజార్లో షాపు ఆయన కడుతున్నాడు, ఆన్‌లైన్‌లో సంపాదించినవాళ్లూ కట్టాలి. లాభం లేకపోతే పన్నూ లేదు.

జీఎస్టీ దగ్గర మాత్రం మీ కోపంలో న్యాయం ఉంది. గుంటూరులో ఒక షాపు ఆయన ఏడాదికి 35 లక్షల సరుకు కౌంటర్ మీద అమ్ముతాడు, నంబర్ అక్కర్లేదు. ఆ షాపు మేడ మీద ఉండే ఆవిడ నెలకు పది డ్రెస్సులు చెన్నైకి పంపితే నంబర్, రిటర్నులు, ఆలస్యానికి రోజుకింత ఫీజు. సరుకు ఎక్కడ వాడితే పన్ను ఆ రాష్ట్రానికి చేరాలన్నది జీఎస్టీ మూలసూత్రం, నంబర్ లేనివాళ్లు పంపితే చెన్నై వాటా చేరదు. ఆ వాదన నాకు అర్థమవుతుంది. కానీ పది డ్రెస్సుల మీద తమిళనాడుకు వచ్చేదెంత? ఏడాదికి ఐదో పదో లక్షల దాకా అంతర్రాష్ట్ర అమ్మకాలకు కూడా సడలింపు ఇస్తే ఖజానాకు చిల్లు పడదని నా అభిప్రాయం. అది వచ్చేదాకా ఉన్న నిబంధన ప్రకారం నడుచుకోవాల్సిందే.

అమెరికాలో ఉన్నవాళ్లకు పంపిస్తాను. అక్కడ ఉండి అమ్మేవాళ్ల సంగతి?

ఇక్కడి నుంచి పంపితే అది ఎగుమతి. రిజిస్టర్ అయి, ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేస్తే జీఎస్టీ కట్టకుండా పంపొచ్చు. ఎల్‌యూటీ ఏటా కొత్తగా వేయాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికాలో సుంకం లేకుండా ఉన్న వెసులుబాటు 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు. సుంకం ఎవరు కడతారో ముందే మాట్లాడుకోండి, లేదంటే కొన్నవాళ్లు పార్సిల్ తీసుకోరు.

అక్కడే ఉండి ఈబేలోనో ఎట్సీలోనో అమ్మేవాళ్లు, 1099-కే, అంటే వాళ్ల వసూళ్లు చూపిస్తూ కంపెనీ పంపే కాగితం, రాలేదు కాబట్టి పన్ను లేదనుకుంటారు. ఆ కాగితం రావడానికే 20,000 డాలర్లు, 200 లావాదేవీలు దాటాలి. లాభానికి పన్ను మాత్రం కాగితం వచ్చినా రాకపోయినా ఉంటుంది. హెచ్-4 మీద, అంటే ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్యలకిచ్చే వీసా మీద ఉండి, పని అనుమతి లేకుండా ఇంట్లో చీరలు అమ్మే చెల్లెళ్లూ, పన్ను కన్నా ముందు వీసా లాయర్‌తో మాట్లాడండమ్మా. బ్రిటన్‌లో అయితే ఏడాదికి వెయ్యి పౌండ్ల అమ్మకాల దాకా అడగరు.

అమ్మడం మానేశాను. ఇక ఏమీ చేయక్కర్లేదు కదా?

యాప్‌లో ఖాతా మూసేస్తే జీఎస్టీ నంబర్ మూతపడదు. అది బతికున్నంత కాలం, అమ్మకం సున్నా అయినా రిటర్న్ వేయాలి. వేయకపోతే సున్నా రిటర్న్‌కు కూడా రోజుకు 20 రూపాయలు, ఒక్కో రిటర్న్‌కు 500 దాకా. సున్నా రిటర్న్ ఫోన్ నుంచి ఎస్సెమ్మెస్‌తోనే వేయొచ్చు, చాలామందికి తెలియదు.

చీరాల వైపు ఒకావిడ మేనల్లుడి చేత నంబర్ తీయించుకుంది, నాలుగు నెలలు అమ్మి, కూతురి కాన్పు వచ్చి మానేసింది. ఏడాదిన్నర తర్వాత మళ్లీ మొదలుపెడదామని వస్తే నంబర్ ఆఫీసువాళ్లే రద్దు చేసి ఉన్నారు. పాత రిటర్నులన్నీ వేసి, ఫీజులు కట్టి తిరిగి తెరిపించుకోవడానికి రెండు నెలలు పట్టింది. దసరా సీజన్ పోయింది.

మానేస్తున్నారంటే ఆ నెలలోనే రద్దుకు దరఖాస్తు పెట్టండి. మిగిలిన సరుకు మీద తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాలి, కాబట్టి ముందు బీరువాలో ఎన్ని చీరలు మిగిలాయో లెక్కపెట్టుకోండి. రద్దు ఉత్తర్వు వచ్చిన మూడు నెలల్లో ఆఖరి రిటర్న్, జీఎస్టీఆర్-10, వేయాలి. అది మర్చిపోయే మళ్లీ నా దగ్గరికి వస్తారు.